రాణి పటం వెనక కాగితం

మా మనవరాలు శాలిని పెళ్ళి దగ్గరపడిందని ఇంటికి రంగులు వేయిస్తుంటే, రంగులతను నిచ్చెన జరపబోయి నాయన పటాన్ని కింద పడేశాడు. నాయన పటం అంటే నాయన బొమ్మ ఉన్నది కాదు, ఆయన ఫొటో పూజగదిలో వేరే ఉంది. ఇది నాయన బతికినంతకాలం ముందుగది గోడకు తగిలించుకున్న రాజుగారి పటం. ఆయన పోయాక రబ్బరు తోట వదిలి క్లాంగ్‌లో ఉన్న నా దగ్గరికి, అక్కడి నుంచి నాతోపాటు ఇక్కడ బ్రిక్‌ఫీల్డ్స్ ఫ్లాటుకు వచ్చింది. నల్ల కొయ్య చట్రం, మందపాటి అద్దం, ఎత్తితే చేతులు లాగేంత బరువు. మలాయాకు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో నాయన పెట్టిన కొత్త రాజు, అగోంగ్ బొమ్మ అందులో పచ్చగా వెలిసిపోయి ఉంది. ఆ తర్వాత ఎంతమంది రాజులు సింహాసనం ఎక్కి దిగారో గాని, బొమ్మ మార్చే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. పారేద్దామని మా అబ్బాయి అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎనభై దాటిన మనిషి ఒద్దంటే ఒద్దే అని గట్టిగా అన్నాను, అంతే.

శాలిని కారులో పెట్టుకుని మోనోరైలు స్టేషను అవతలి సందులో పటాలు కట్టే కొట్టుకు తీసుకువెళ్ళింది. నేనూ వెంటవెళ్ళాను. కొట్టతను తమిళుడు, యాభై ఏళ్ళవాడు, దేవుళ్ళ పటాల మధ్య కూర్చుని టీ తాగుతున్నాడు. పటాన్ని బోర్లా పడుకోబెట్టి వెనక అట్టకు కొట్టిన చిన్న మేకులు ఒక్కొక్కటే లాగాడు. అట్ట తీశాక ఆశ్చర్యపోయి, "పాట్టీ, దీంట్లో ఒక బొమ్మ కాదు, నాలుగున్నాయి," అన్నాడు తమిళంలో. అన్నీ వరసగా బల్ల మీద పరిచాడు. ముందు మా అగోంగ్. ఆయన వెనక ఇంగ్లీషు రాణి. ఆవిడ వెనక ఆవిడ తండ్రి, రాజు. అందరికంటే వెనక, అట్టకు ఆనుకుని, గుర్రమెక్కిన జపాన్ చక్రవర్తి. నాకు నవ్వొచ్చింది. మా నాయన ఏ రాజునూ పారెయ్యలేదు. ఒకరి వెనక ఒకరిని నిలబెట్టాడు.

"ఇది ఏటి లా, అమ్మమ్మా?" అంది శాలిని, ఇక్కడివాళ్ళందరిలాగే మాటకు 'లా' తగిలించి. బొమ్మలు విడదీసినప్పుడు రాణికీ ఆవిడ తండ్రికీ నడుమ నుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి జారిపడింది. గీతల కాగితం, బడి పుస్తకం లోంచి చింపింది. దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో అయిదు పేర్లున్నాయి. శాలిని పైకి చదివింది. "కూర్మయ్య, లచ్చన్న, గున్నమ్మ, ఆరుముగం, సిమ్మాద్రి. ఎవులు వీళ్ళు? మన సొందక్కారులా, సుట్టాలా? రాత ఎంత బాగున్నాదో సూడు." కొట్టతనిని స్టూలు అడిగి కూర్చున్నాను. ఆ రాత నాది. ఆ పేర్లు రాసినప్పుడు నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. ఆ కాగితం పోలీసుల చేతికి వెళ్ళిందనీ, దాని మూలంగా ఒక మనిషి బతుకు పాడైందనీ నమ్మి డెబ్భై ఏళ్ళకు పైగా బతికాను. అది ఇక్కడ, రాణిగారి వీపు వెనక, భద్రంగా ఉంది.

మేము పుట్టిపెరిగిన తోటలో గుట్ట మీద దొర బంగళా, గుట్ట కింద లైన్లు అనే కూలీల వరసిళ్ళు, రెంటికీ సరిగ్గా నడుమ మా ఇల్లు. పైవాళ్ళకు మేం కిందివాళ్ళం, కిందివాళ్ళకు పైవాళ్ళం. తాత, నాయనమ్మ శ్రీకాకుళం వైపు నుంచి పడవెక్కి కూలికి వచ్చినవాళ్ళే. నాయన మాత్రం మలయాళీ గుమాస్తా ఒకాయన దగ్గర నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని, ఆఫీసు తుడిచే పని నుంచి మొదలుపెట్టి పెద్ద కిరాణి, అంటే తోట ఆఫీసులో పెద్ద గుమాస్తా, అయ్యాడు. ఆ తోటలో కిరాణి కుర్చీలో కూర్చున్న మొదటి తెలుగువాడు ఆయనే. లైన్లలోని మనవాళ్ళందరికీ అదొక గొప్ప. "మనోడు కిరాణి అయినాడు" అని ఎవరితోనైనా చెప్పుకునేవాళ్ళు. ఎదురుపడితే మాత్రం 'బాబూ' అని రెండడుగులు పక్కకు తప్పుకునేవాళ్ళు. నేను లైన్లలోకి ఆడుకోవడానికి వెళ్ళకూడదు, బంగళా తోటలోకీ వెళ్ళకూడదు. మా అరుగు మీద నుంచి రెండు వైపులా చూడవచ్చు. నా చిన్నతనమంతా అలా చూడడంతోనే గడిచింది.

నాయన పొద్దుటి పనులు చూసి గడియారం సరిచేసుకోవచ్చు. తెల్లవారకముందే లేచి చన్నీళ్ళు పోసుకునేవాడు. అమ్మ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల పంట్లాము తొడుక్కునేవాడు. ఆ గంజి వాసన, పొగ కొట్టంలో ఆరే రబ్బరు షీట్ల వాసన, రబ్బరు పాలు గడ్డకట్టడానికి పోసే యాసిడ్ ఘాటు, ఈ మూడూ కలిస్తే నాకు నాయన. కాఫీ తాగాక మెత్తటి గుడ్డ తీసి పటం అద్దం తుడిచేవాడు. తుడిచి, ఒక అడుగు వెనక్కి వేసి, వంకరగా ఉందేమో చూసి సరిచేసేవాడు. లైన్లలో ప్రతి ఇంట్లో ముందుగదిలో దేవుడు ఉండేవాడు. మా ఇంట్లో దేవుడు వంటింటి అలమరలో, రాజు ముందుగదిలో. "దొర వచ్చినప్పుడు కళ్ళకు కనబడాల," అనేవాడు నాయన. దొర మా ఇంటికి వచ్చింది నాకు తెలిసి రెండుసార్లు. ఆ రెండుసార్లూ ఆయన పటం వంక చూడనైనా చూడలేదు.

జపానువాళ్ళ కాలం సంగతులు నాకు జ్ఞాపకం లేవు, నేను అప్పుడే పుట్టాను. విన్నవి చెబుతాను. తెల్ల దొర పారిపోయాడు, బంగళాలోకి జపాను అధికారి వచ్చాడు, నాయన కుర్చీ మాత్రం కదల్లేదు. గుర్రం మీద చక్రవర్తి బొమ్మ వస్తే ఇంగ్లీషు రాజు వెనక్కి వెళ్ళాడు. పొద్దున్నే తూర్పుకు తిరిగి వంగి దండం పెట్టమంటే నాయన పెట్టాడు. ఇండియా స్వాతంత్ర్యం కోసం చందా అడుగుతూ మనవాళ్ళు వస్తే అమ్మ చెవుల కమ్మలు తీసి ఇచ్చేశాడు. మళ్ళీ తెల్లవాళ్ళు వచ్చినరోజు రాజును ముందుకు తెచ్చి, చక్రవర్తిని వెనక్కి తోసి, పంట్లాము వేసుకుని ఆఫీసు మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఇందులో ఏది మనసారా చేశాడో నేను ఎప్పటికీ తెలుసుకోలేకపోయాను. అన్నీ మనసారానే చేశాడేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. కుర్చీని కాపాడుకోవడమే ఆయన భక్తి అని అనుకున్న రోజులూ ఉన్నాయి. అలా అనుకున్నందుకు బాధపడిన రోజులూ ఉన్నాయి.

కాని జపానువాళ్ళ కాలంలో జరిగిన ఒక్క పని గురించి మా ఇంట్లో ఎవరూ గొంతెత్తేవాళ్ళు కాదు. సయాంలో రైలు దారి వేయడానికి తోట నుంచి మనుషులు కావాలన్నారు. పేర్లు రాసివ్వమని నాయన్ని అడిగారు. నాయన రాసిచ్చాడు. దానికి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఏ ఇల్లూ పూర్తిగా ఖాళీ కాకూడదని ఇంటికొక మగవాణ్ణి రాశాడు. అది న్యాయమని నమ్మాడు. మా ఇంటి నుంచి ఎవరినీ రాయలేదు, ఆఫీసు నడవాలి కదా. లారీల్లో వెళ్ళినవాళ్ళలో తిరిగి వచ్చినవాళ్ళను రెండు చేతుల వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. రానివాళ్ళలో గున్నమ్మ మొగుడు ఒకడు. ఆ తర్వాత నుంచి నాయన కుడిచెయ్యికి ఒక జబ్బు పట్టుకుంది. అంకెలు వేస్తే బాగానే ఉండేది, సంతకం బాగానే పెట్టేవాడు. వరసగా మనుషుల పేర్లు రాయాల్సి వస్తే మాత్రం మణికట్టు నుంచి వణుకు పుట్టేది. ఆఫీసులో టైపు మిషను ఉంది కనుక గడిచిపోయింది.

గున్నమ్మ గురించి చెప్పాలి. మొగుడు సయాం వెళ్ళేటప్పటికి ఆమె కడుపుతో ఉంది. బిడ్డ పుట్టి నెల తిరక్కుండానే పోయింది. అదే రోజుల్లో నేను పుట్టాను. కర్రపెండలం తిని బతికే కరువులో అమ్మకు చుక్క పాలు పడలేదు. నాయనమ్మ నన్ను గుడ్డలో చుట్టుకుని లైన్లలోకి పరిగెత్తి గున్నమ్మ ఒడిలో పడేసిందట. తన మొగుణ్ణి రాసిన మనిషి బిడ్డకు ఆమె ఏడాదిపాటు పాలిచ్చింది. ఎలా ఇచ్చిందో, ఇచ్చేటప్పుడు ఏమనుకుందో నాకు తెలియదు. నాకు తెలిసిన గున్నమ్మ నల్లగా, పొడుగ్గా, పెద్ద గొంతుతో నవ్వే మనిషి. మా ఇంటికి వస్తే వెనకవైపు నుంచే వచ్చేది. నేను అరుగు మీద కూర్చుని పలక మీద రాసుకుంటుంటే పక్కన గొంతుక్కూచుని చూసేది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. "ఓలమ్మ, ముత్యాల్లాగున్నాయి గుంటా నీ అచ్చరాలు," అని నా వేళ్ళు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసేది. "ఇది నా పాలు తాగిన సెయ్యి. మీ నాయన రాత కాదు, నా పాలే." అమ్మ వంటింట్లో నుంచి నవ్వేది. అమ్మ అలా నవ్వడం నేను గున్నమ్మ వచ్చినప్పుడే విన్నాను.

తర్వాత కంచె వచ్చింది. అడవిలో ఎర్రజెండావాళ్ళకూ తెల్ల ప్రభుత్వానికీ పోరు ముదిరిన రోజులవి. తోట లైన్ల చుట్టూ, మా ఇంటిని కూడా కలుపుకుని, రెండు వరసల ముళ్ళతీగ కట్టారు. ఒక్కటే గేటు. సాయంత్రం ఆరు కొడితే మూసేవాళ్ళు. తెల్లవారుజామున పెరట్టులో, అంటే హాజరు వేళ, పేర్లు పిలిచాక రబ్బరు పాల కోసం చెట్లు గియ్యడానికి వెళ్ళేవాళ్ళను ఒక్కొక్కరినే తడిమి బయటికి పంపేవాళ్ళు. అడవిలోవాళ్ళకు చేరుతుందని బియ్యపు గింజ గాని, వండిన బువ్వ గాని గేటు దాటకూడదు. దాంతో చెట్లు గీసేవాళ్ళు చీకటితో వెళ్ళి పొద్దెక్కేదాకా ఖాళీ కడుపుతో పని చెయ్యాలి. అంతకుముందు బంగళా వైపు, లైన్ల వైపు చూసే నేను ఇప్పుడు ఎటు చూసినా ముళ్ళతీగనే చూశాను. అరుగు మీద నుంచి దూరంగా ఎర్రమట్టి రోడ్డు కనబడేది. ఆ రోడ్డు మీద ఎవరైనా వెళుతుంటే, వాళ్ళు ఎక్కడికి వెళ్ళాలనుకుంటే అక్కడికి వెళుతున్నారన్న విషయమే నాకు వింతగా ఉండేది. రాత్రిళ్ళు ఊపిరాడనట్టు లేచి కూర్చునేదాన్ని. అమ్మ వీపు నిమిరేది గాని ఏమైందని అడిగేది కాదు.

ఆడవాళ్ళను తడమడానికి ఆడమనిషి కావాలి కదా. దొర నాయన్ని అడిగాడు, నాయన అమ్మను అడిగాడు. 'అడిగాడు' అన్నది మర్యాదకు రాసే మాట. మర్నాటి నుంచి అమ్మ తెల్లవారకముందే గేటు దగ్గర లాంతరు వెలుగులో నిలబడి, తన వరసవాళ్ళయిన ఆడవాళ్ళ నడుములు, కొంగులు, బకెట్లు తడిమేది. నేను అమ్మ చీర చెంగు పట్టుకుని పక్కన నిలబడేదాన్ని, ఇంట్లో ఒక్కదాన్ని ఉండడానికి భయం. ఇంటికి వచ్చి అమ్మ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది. ఒకరోజు గున్నమ్మ నడుము దగ్గర అమ్మ చెయ్యి ఆగింది. చీర మడతల్లో పిడికెడంత మూట, అరటాకులో చుట్టిన బువ్వ. ఆ వాసన నాకూ తెలిసింది. గున్నమ్మ ఎదురుగా చూస్తూ నిలబడింది. అమ్మ చెయ్యి మెల్లగా పక్కకు జరిగింది. "ఎల్లు," అంది అమ్మ. ఆ బువ్వ అడవిలో ఎవరికోసమో, లేక ఆమె ఆకలికోసమేనో నాకు ఇప్పటికీ తెలియదు. పిడికెడు బువ్వతో ఏ సైన్యం బతుకుతుంది గనుక? ఆ సంగతి అమ్మా నేనూ ఎవరికీ చెప్పలేదు. నాయనకు అసలే తెలియదు. తెలిసే ఆ తర్వాత గున్నమ్మ పేరు రాయించాడని ఎవరూ అనుకోకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

రాణి బొమ్మ కొత్తగా వచ్చిన రోజుల్లో దొర నాయన్ని బంగళాకు పిలిపించాడు. రాజు పోయాడు, ఆయన కూతురు రాణి అయింది. బొమ్మ అందరు కిరాణీలకూ పంపారు. నాయన దాన్ని గొట్టంలా చుట్టుకుని బంగళా నుంచి దిగివచ్చాడు. ఎప్పుడూ రాజుగారి బొమ్మ వస్తే వెంటనే పటంలో పెట్టేవాడు, ఆ రోజు బల్ల మీద పడేసి కూర్చుండిపోయాడు. అడవిలోవాళ్ళకు సాయం చేస్తున్నారని అనుమానమున్న అయిదుగురి పేర్లు పోలీసులకు కావాలని దొర చెప్పాడట. టైపు చెయ్యకూడదు, ఆఫీసులో చిన్న కిరాణీలు చూస్తారు. ఇంట్లో కూర్చుని చేత్తో రాసి తేవాలి. 'నీ విశ్వాసం మాకు తెలుసు' అని భుజం తట్టాడట. ఆ మాట నాయన అమ్మకు రెండుసార్లు చెప్పాడు. మొదటిసారి గర్వంగానే చెప్పాడు.

అది ఆదివారం. భోజనాలయ్యాక నాయన బల్ల ముందు కూర్చుని కాగితం మీద ఒకటి అని అంకె వేశాడు. ఆ పక్కన పేరు మొదలుపెట్టగానే పాళీ కాగితాన్ని గీకి సిరా చిమ్మింది. ఇంకో కాగితం తీశాడు. మళ్ళీ అంతే. నా బడి పుస్తకం లోంచి ఒక కాగితం చింపి నా ముందు పెట్టాడు. "నువ్వు రాయి," అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది, దాచడం దేనికి. నాయన ఆఫీసు పని నా చేత చేయిస్తున్నాడు. కూర్మయ్య అన్నాడు, రాశాను. లచ్చన్న అన్నాడు, రాశాను. కిటికీలోంచి బయట ముళ్ళతీగ వైపు చూస్తూ మూడో పేరు చెప్పాడు.

"గున్నమ్మ."

నా చెయ్యి ఆగింది. గున్నమ్మ పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలో నాకు తెలుసు, ఆమె అడిగితే పలక మీద రాసి చూపించాను కూడా. వంటింటి గడపలో అమ్మ నిలబడి ఉంది. "ఆ పేరు ఒద్దు," అంది. "దాని పాలు తాగి బతికినాది మన గుంట."

"నాకు తెల్దేటి?" అన్నాడు నాయన, వెనక్కి తిరక్కుండానే.

"తెలిసి ఎందుకు సెప్తన్నావు?"

"దానికి మొగుడు నేడు. పిల్లలు నేరు. మిగిలినోల్ల ఇళ్ళల్లో గుంటలున్నారు, ముసిలోల్లున్నారు. దాన్ని తీసికెల్తే ఆకలికి ఏడిసేవోలు ఎవులూ నేరు."

"మొగుడు ఎందుకు నేడో..." అని అమ్మ ఆగిపోయింది. నాయన అప్పుడు కుర్చీలోంచి తిరిగాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేది. "సరే, తీసేస్తాను. దాని బదులు ఎవుల్ని రాయాల? నువ్వు సెప్పు. అయిదుగురిని అడిగినాడు దొర. నాలుగు పేర్లు పట్టుకెల్తే అయిదోది నాదే అవుతాది. అప్పుడు నిన్నూ ఈ గుంటనీ ఎవులు సూస్తారు? సెప్పు, ఎవుల్ని రాయాలో."

అమ్మ నోరు తెరిచింది. రోజూ తెల్లవారుజామున తను తడిమే ఆడవాళ్ళందరి మొహాలూ ఆమె కళ్ళ ముందు తిరిగి ఉంటాయి. ఏ ఒక్క పేరూ ఆమె నోట రాలేదు. నాయన నా వైపు చూశాడు. "నువ్వు సెప్తావేటి?" అన్నాడు. నేను ఇప్పటివరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇక్కడ రాయాలి. నాకు ఒక పేరు తట్టింది. కంచె పక్కన నీళ్ళ కుళాయి దగ్గర ఒకసారి నన్ను కసురుకున్న ఆవిడ పేరు. నాలిక చివరికి వచ్చింది. చెప్పలేదు. మంచితనం వల్ల కాదు, భయం వేసి. నేను తల వంచుకుని గున్నమ్మ అని రాశాను. ఆ తర్వాత రెండు పేర్లూ రాశాను. ముత్యాల్లాగే వచ్చాయి.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి నాయన బల్ల దగ్గరే ఉన్నాడు. ఎడమచేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుని, పళ్ళు బిగబట్టి ఏదో రాస్తున్నాడు. నేను దగ్గరికి వెళితే పొమ్మన్నాడు. నెలాఖరు రిపోర్టు కాబోలు అనుకున్నాను. కాఫీ కూడా తాగకుండా బంగళాకు వెళ్ళాడు. తిరిగివచ్చి రాణి బొమ్మను పటంలో పెట్టాడు. వెనక మేకులు కొట్టేటప్పుడు నన్ను పట్టుకోనివ్వలేదు, ఇంట్లో ఏ మేకు కొట్టినా నేనే పట్టుకునేదాన్ని.

వారం తిరక్కుండా పోలీసు లారీ వచ్చింది. పెరట్టు పూర్తి కాకముందే గేటు దగ్గర అయిదుగురినీ పేరు పెట్టి పిలిచారు. మొగవాళ్ళ ఇళ్ళల్లోంచి ఏడుపులు వినబడ్డాయి. గున్నమ్మ కోసం ఎవరూ ఏడవలేదు, నాయన లెక్క తప్పలేదు. ఆమె చెట్లు గీసే కత్తి అమ్మ చేతిలో పెట్టి, కొంగు సర్దుకుని లారీ వైపు నడిచింది. నాయన ఆఫీసు మెట్ల దగ్గర తెల్ల పంట్లాములో నిలబడి ఉన్నాడు. ఆమె అక్కడ ఆగింది. గొంతు పెద్దది చెయ్యలేదు.

"బాబూ, ఆ మారు మా ఆయన్ని రాసినారు. ఈ మారు నన్ను రాసినారు. ఇంక మా ఇంట్లో రాయడానికి ఎవులూ నేరు."

ఆమె నా వైపు చూసి నవ్వబోయి, నా కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళు ఒకసారి అటూ ఇటూ తిప్పి వదిలేసింది. ఆ వేళ్ళ పనే ఇదంతా అని ఆమెకు తెలుసునో తెలియదో. ఎక్కడో క్యాంపులో పెట్టారన్నారు. తర్వాత పడవెక్కించి ఇండియా పంపేశారన్నారు. ఇదే తోటలో పుట్టిన మనిషి, సముద్రం ఎలా ఉంటుందో చూసి ఎరగదు. అక్కడ ఏ రేవులో దిగింది, ఎవరి గుమ్మంలో నిలబడింది, మేమెవరమూ కనుక్కోలేదు. కనుక్కుంటే ఏమైనా తెలిసేదేమో.

ఆ తర్వాత కంచె తీసేశారు, దొరలు వెళ్ళిపోయారు, జెండా మారింది. వెళ్ళేముందు దొర నాయనకు నమ్మకస్తుడని రాసిన కాగితం ఒకటి ఇచ్చాడు. నాయన అగోంగ్ బొమ్మ తెచ్చి రాణి ముందు పెట్టాడు. పౌరసత్వానికి ప్రమాణం చెయ్యమంటే తడుముకోకుండా చేశాడు, ఆయనకు ప్రమాణాలు అలవాటే. లైన్లలోవాళ్ళు చివరిదాకా 'బాబూ' అనే పిలిచారు. అమ్మ మాత్రం ఆ ఉదయం నుంచి ముందుగదిలోకి రావడం మానేసింది. వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వంటింట్లోకి తిరిగి, అలాగే పోయింది. నేను పెళ్ళి చేసుకుని క్లాంగ్ వచ్చాను, టీచరు ఉద్యోగం చేశాను, వేలమంది పిల్లల పేర్లు హాజరు పుస్తకాల్లో రాశాను. రోజూ పొద్దున్న మొదటి పేరు రాసేటప్పుడు గున్నమ్మ నా వేళ్ళు తిప్పినట్టుండేది. ఇప్పుడు మా ఫ్లాటు కింద గేటుంది, కాపలావాడు వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసుకుంటాడు. మా పిల్లలకు అది రక్షణ. నేను మాత్రం ఆ పుస్తకం వైపు చూడకుండా నడుస్తాను.

కొట్టులో స్టూలు మీద కూర్చుని ఆ కాగితాన్ని ఎంతసేపు పట్టుకున్నానో. మెల్లగా అర్థమైంది. నాయన ఆ పొద్దున్న రాస్తున్నది రిపోర్టు కాదు. నేను రాసిన కాగితాన్ని దాచి, అవే అయిదు పేర్లు తన వణికే చేత్తో మళ్ళీ రాసి పట్టుకెళ్ళాడు. పోలీసుల చేతికి కూతురి రాత వెళ్ళకూడదనుకున్నాడు. చించి పొయ్యిలో పెట్టవచ్చు, పెట్టలేదు. ఎప్పటికైనా నేను చూడాలనే దాచాడేమో. నా గుండె మీద నుంచి ఇన్నేళ్ళ బరువు దిగినట్టయింది. నేను కాదు, నా కాగితం వెళ్ళలేదు, నా చెయ్యి కాదు. శాలిని భుజం పట్టుకుని లేచి, నిజం చెబుతున్నాను, సంతోషంగా నడిచాను. కారు తలుపు దాకా వచ్చాక ఆ సంతోషానికి నాకే సిగ్గేసింది. గున్నమ్మ వెళ్ళింది కదా. ఎవరి రాతలో వెళితే ఆమెకేమిటి? నాయన మమ్మల్ని మాత్రం కాపాడుకున్నాడు, సయాం నుంచీ, లారీ నుంచీ, ఆఖరికి ఈ కాగితం నుంచీ. ఆయన సంపాదించిన ఊరటే ఇప్పుడు నా కడుపులో చల్లగా దిగింది.

"ఏ బొమ్మ ముందుకు పెట్టాలి పాట్టీ?" అని కొట్టతను వెనక నుంచి కేకేశాడు. అద్దం వేసి ఖాళీగా ఇచ్చెయ్యమన్నాను. ఇంటికి వచ్చేసరికి పెళ్ళిపత్రిక అచ్చుకు ఇవ్వాల్సిన తొందర. శాలిని నా ముందు ఒక కాగితం, పెన్నూ పెట్టింది. "అమ్మమ్మా, మనోల్ల పేర్లన్నీ నువ్వే రాసియ్యి లా. ఒక్కరిని కూడా ఒదలకు. నీ రాత బాగుంటాది." కూర్చుని రాయడం మొదలుపెట్టాను. నా తర్వాత చాలా ఏళ్ళకు పుట్టిన తమ్ముళ్ళు, వాళ్ళ భార్యలు, నా పిల్లలు, కోడళ్ళు, అల్లుళ్ళు, మనవలు, మునిమనవలు. గున్నమ్మ ఇంట్లో రాయడానికి ఎవరూ లేరు. మా ఇంట్లో అందరం ఉన్నాం. కాగితం నిండిపోయింది, ఇంకో కాగితం తెమ్మన్నాను. రెండో కాగితం మీద కూడా నా చెయ్యి వణకలేదు.